ప్రాజెక్టు డైరీ: గుంటూరు మిర్చికి చైనీస్ వెబ్‌సైటు

గుంటూరు నుంచి చైనాకు తేజ మిర్చి పంపే ఒక ఎగుమతి సంస్థ కోసం చేసిన పని ఇది. ఇంగ్లిష్ సైటు అప్పటికే నడుస్తోంది. అదే డిజైన్‌లో మాటలు మాత్రం చైనీస్‌లోకి మార్చి పెట్టిన మొదటి రూపం చైనా రేవు పట్టణం చింగ్‌దావ్‌లో పనికిరాలేదు. డైరీ అక్కడి నుంచి మొదలవుతుంది.

సైటు చూసేది షాన్‌డాంగ్‌లోని జ్యావ్‌జౌ, హెనాన్‌లోని జెచెంగ్, గ్వేజౌలోని జున్‌యి లాంటి మిర్చి కేంద్రాల కొనుగోలుదారులు. వాళ్లలో చాలామంది లింకును చైనా చాట్ యాప్ వీచాట్‌లోనే తెరుస్తారు. మనకేమో 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో వీచాట్ ఒకటి. అందుకని గుంటూరులో కూర్చుని అసలైన పరీక్ష చేయడం కుదరదు. చింగ్‌దావ్‌లో ఈ సంస్థ ఏజెంటు ఆఫీసు ఉంది. అక్కడ పనిచేసే ఒకావిడ ప్రతి దశలోనూ స్క్రీన్ రికార్డింగులు పంపారు. ఈ డైరీలో పనికొచ్చే పరిశీలనలు సగం ఆవిడవే.

వాడిన సామాను:

1. చింగ్‌దావ్‌లో ఒక విండోస్ కంప్యూటరు, ఒక హువావే ఫోను, ఒక ఐఫోను.
2. చైనాలోని వేర్వేరు ఊళ్ల నుంచి, వేర్వేరు నెట్‌వర్కుల మీద పేజీ తెరుచుకునే వేగం చూపించే ఐటీడాగ్.
3. ఫాంటు నుంచి కావలసిన అక్షరాలే కోసి ఇచ్చే ఫాంట్‌టూల్స్.
4. చైనీస్ రాతకు జీతమిచ్చి పెట్టుకున్న ఎడిటర్. దీన్ని ఖర్చు కింద మానేద్దామనుకునేవాళ్లు పనే మానేయడం మంచిది.

మొదటి కొలత: హోం పేజీ బరువు 19.4 ఎంబీ. చింగ్‌దావ్‌లో పూర్తిగా తెరుచుకోవడానికి 48 సెకన్లు.

దశ 1: తెరుచుకోని ముక్కలు

ఇంగ్లిష్ పేజీలో గూగుల్ మ్యాప్, యూట్యూబ్ వీడియో, ఫేస్‌బుక్ బటన్, వాట్సాప్ బటన్, సందర్శకులను లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్, ఫారంలో రోబోలను ఆపే రీక్యాప్చా ఉన్నాయి. ఇవి చైనాలో అసలు తెరుచుకోవు, లేదంటే ఎప్పుడు తెరుచుకుంటాయో నమ్మకం లేదు. తెరుచుకోకపోతే ఆ ముక్క ఒక్కటే ఖాళీగా ఉంటుందనుకుంటాం. పేజీ పైభాగంలో పిలిచిన స్క్రిప్టు రాకపోతే బ్రౌజర్ దాని కోసం కాచుకుని కూర్చుంటుంది, కింద ఉన్నదంతా ఆగిపోతుంది. 48 సెకన్లలో పెద్ద వాటా ఈ ఎదురుచూపుదే.

మార్చినవి:

1. మ్యాప్ తీసేసి, గుంటూరు యార్డు నుంచి చెన్నై, కృష్ణపట్నం రేవులకు దారి చూపే బొమ్మ.
2. యూట్యూబ్ బదులు 40 సెకన్ల వీడియో మన సర్వర్ మీదే.
3. అనలిటిక్స్‌కు చైనా సెర్చ్ ఇంజిన్ బైదూ వాళ్ల తోంగ్‌జి.
4. రీక్యాప్చా బదులు మనిషికి కనబడని ఒక ఖాళీ గడి. అది నింపి పంపేది రోబోనే, దాన్ని సర్వర్ దగ్గరే ఆపేస్తాం.
5. సర్వర్ ముంబై నుంచి హాంకాంగ్‌కు.

హాంకాంగే ఎందుకంటే, చైనా ప్రధాన భూభాగంలో సర్వర్ పెట్టాలంటే ఐసీపీ నమోదు, అంటే అక్కడి ప్రభుత్వం దగ్గర సైటు నమోదు, కావాలి. 2000లో వచ్చిన నియమాల ప్రకారం ఆ నంబరును హోం పేజీలో చూపించాలి. చైనా సైట్లన్నిటికీ అడుగున కనబడే ఆ చిన్న అక్షరాల వరుస అదే. అక్కడ కంపెనీ లేని విదేశీ సంస్థకు ఆ నమోదు దొరకదు. సైటు కాపీలను చదివేవాళ్లకు దగ్గరి సర్వర్లలో ఉంచే సీడీఎన్‌ను ప్రధాన భూభాగంలో వాడాలన్నా అదే షరతు. హాంకాంగ్‌లో ఆ బాధ లేదు, దూరమూ తగ్గుతుంది.

అడుగున ఆ నంబరు లేకపోతే కొనుగోలుదారుడికి సైటు మీద కొంత అనుమానం మిగిలిపోతుందని ఏజెంటు ఆఫీసు ఆవిడ ముందే చెప్పారు. దాని సంగతి దశ 4లో.

లెక్క: 19.0 ఎంబీ, 31 సెకన్లు. ఖర్చు: సర్వర్ ఏడాదికి రూ. 16,800.

దశ 2: ఫాంటు బరువు

మిగిలిన 19 ఎంబీలో 16.6 ఎంబీ రెండు ఫాంటు ఫైళ్లదే: మామూలు మందం ఒకటి, బోల్డు ఒకటి. తెలుగు ఫాంటు వందల కేబీల్లో సరిపోతుంది కాబట్టి మనకు ఇది తట్టదు. కంప్యూటరు అక్షరాలకు చైనా 1980లో తెచ్చిన జీబీ 2312 ప్రమాణంలోనే 6,763 చైనీస్ అక్షరాలున్నాయి. 2013 నాటి అధికారిక పట్టికలో 8,105. ఒక్కో అక్షరానికి బొమ్మ గీసి పెట్టాలి.

మొదట చేసింది: సైటులో వాడిన అక్షరాలన్నీ ఏరితే 612 తేలాయి. ఫాంట్‌టూల్స్‌తో వాటినే కోసి ఫైలు చేస్తే ఒక్కో మందానికి 150 కేబీ లోపే వచ్చింది. వారం తిరక్కుండానే చెడింది. ధరల వార్తలో కొత్త మాట రాగానే అందులోని ఒక అక్షరం మన ఫైల్లో లేదు. బ్రౌజర్ దాన్ని సిస్టం ఫాంటులోంచి తెచ్చింది. వాక్యం మధ్యలో ఆ ఒక్క అక్షరం వేరే మందంలో, కాస్త కిందికి దిగి కనబడింది. రోజూ మారే రాత ఉన్న సైటులో కోసిన ఫాంటు నిలవదు.

చివరికి నిలిచిన పద్ధతి:

1. పాఠానికి వెబ్ ఫాంటే లేదు. ఐఫోన్‌లో పింగ్‌ఫాంగ్, విండోస్‌లో మైక్రోసాఫ్ట్ యాహే, హువావేలో హార్మనీఓఎస్ సాన్స్, ఇంకెక్కడైనా నోటో సాన్స్. ఏ మెషీన్‌లో ఏది ఉంటే అది.
2. హోం పేజీ ముఖ్య శీర్షికకు మాత్రం సోర్స్ హాన్ ఫాంటు నుంచి కోసిన ముక్క, 30 కేబీ. ఆ శీర్షిక మారదు.
3. బొమ్మల మీద రాతకు కూడా సోర్స్ హానే, లైసెన్సు స్వేచ్ఛగా ఉంది కాబట్టి. మైక్రోసాఫ్ట్ యాహేను స్టైల్‌షీట్‌లో (పేజీ రూపం రాసే ఫైల్లో) పేరు పెట్టి పిలవడం వేరు, దానితో బ్యానర్ గీసి వ్యాపారానికి వాడుకోవడం వేరు. రెండోదానికి విడిగా లైసెన్సు కావాలి.
4. పేజీ భాష ‘చైనీస్, చైనా’ అని హెచ్‌టీఎంఎల్‌లో తప్పనిసరిగా ప్రకటించాలి. యూనికోడ్‌లో చైనీస్, జపనీస్ అక్షరాలు చాలావాటికి కోడు ఒక్కటే, గీత తీరు మాత్రం వేరు. ఆ ప్రకటన లేనప్పుడు మా ల్యాప్‌టాప్‌లో కొన్ని అక్షరాలు జపనీస్ తీరులో వచ్చాయి. మన కంటికి తేడా తెలియదు, అక్కడ చదివేవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ఇంకొకటి. ఇంగ్లిష్ డిజైన్‌లో చిన్న అక్షరాలు సన్నగా, లేత బూడిద రంగులో ఉన్నాయి. చైనీస్‌లో మిర్చి అంటే రెండక్షరాలు. మొదటిదానికి 14 గీతలు, రెండోదానికి 12. అన్ని గీతలను 12 పిక్సెల్‌ల చదరంలో, సన్న మందంలో, లేత రంగులో పెడితే మరక మిగులుతుంది. అమ్మే సరుకు పేరే అలికినట్టు కనబడింది. చిన్న రాత 14 పిక్సెల్‌లు, పాఠం 16, రంగు దాదాపు నలుపు, సన్న మందం ఎక్కడా వద్దు అని నిర్ణయించాం.

లెక్క: 2.4 ఎంబీ, 5.5 సెకన్లు. ఖర్చు మారలేదు.

దశ 3: పంక్తులు విరిగే చోటు

చైనీస్‌లో మాటల మధ్య ఖాళీ ఉండదు. దాదాపు ఏ రెండక్షరాల మధ్యనైనా పంక్తి విరగొచ్చు. పాత స్టైల్‌షీట్‌లో వర్డ్-బ్రేక్‌కు కీప్-ఆల్ అనే విలువ ఉంది. అది చైనీస్‌కు తగలగానే కామా వచ్చేదాకా పంక్తి విరగడం మానేసింది, ఫోన్‌లో పేజీ పక్కకు సాగిపోయింది. తీసేశాం.

తర్వాత శీర్షికల గొడవ. ‘ఎస్-17 తేజ’ అని వచ్చే శీర్షికలో చివరి అక్షరం ఒక్కటే రెండో వరసకు జారేది. వరసల పొడవు సమం చేసేలా టెక్స్ట్-ర్యాప్‌కు బ్యాలెన్స్ పెడితే చాలావరకు సర్దుకుంది. సరుకు పేర్లను మాత్రం విరగకుండా విడిగా చుట్టాం.

మిగతావి పొట్టిగా:

1. లైన్-బ్రేక్ స్ట్రిక్ట్. చైనీస్ కామా, ఫుల్‌స్టాప్ పంక్తి మొదట్లో రాకూడదు.
2. ఇటాలిక్ పూర్తిగా రద్దు. చైనీస్‌కు ఆ సంప్రదాయం లేదు, బ్రౌజర్ అక్షరాన్ని బలవంతంగా వంచుతుంది. నొక్కి చెప్పాల్సిన చోట బోల్డు.
3. మెనూలో ఇంగ్లిష్ పెద్దక్షరాల కోసం పెట్టిన అక్షరాల ఎడం సున్నా.
4. పంక్తి ఎత్తు 1.5 నుంచి 1.75కు. ఈ అక్షరాలు చదరాన్ని నిండుగా నింపుతాయి, కాబట్టి పంక్తుల మధ్య గాలి విడిగా ఇవ్వాలి.
5. పంక్తికి 38 అక్షరాలు మించకుండా వెడల్పు.

ఈ నాలుగో అంశం దగ్గర తెలుగు సైట్లు గుర్తొచ్చి మనసు కష్టపడింది. ఇంగ్లిష్‌కు కొలిచిన పంక్తి ఎత్తులో మన ఒత్తులు కింది వరస గుడులకు తగులుతున్న పేజీలు ఇప్పటికీ ఎన్నో. చైనీస్‌కు చేసిన ఈ పనే మన లిపికీ ఎవరైనా ఓపిగ్గా చేయాలి.

దశ 4: ఖాళీ పేజీ

అన్నిటికంటే ఎక్కువ మార్పు ఇక్కడ. ఇంగ్లిష్ హోం పేజీ తీరు మీకు తెలిసిందే: తెర నిండా ఒక ఫొటో, మధ్యలో ఒక నినాదం, ఒక బటన్, మూడు గీతల కింద దాచిన మెనూ. ఇంగ్లిష్‌లో మూడు వరసలు పట్టిన నినాదం చైనీస్‌లో ఒక్క వరసలో అయిపోయింది. మిగిలినదంతా ఖాళీ. ఆవిడ పంపిన రికార్డింగులో ఒక కొనుగోలుదారుడు పేజీ తెరిచి, కిందికి జరిపి, మళ్లీ పైకి వచ్చి, ‘ఇంకా కడుతున్నారా?’ అని అడిగాడు.

‘చైనా సైట్లు కిక్కిరిసి ఉంటాయి, వాళ్ల అభిరుచి అంత’ అనే మాట మన డిజైనర్ల నోట తరచుగా వినబడుతుంది. ఇది నాకు నచ్చని మాట. బైదూ వెతుకుడు పేజీ మొదట్లో దాదాపు ఒక గడి, ఒక బటనే. షావోమీ, హువావే సైట్లలో ఎంత ఖాళీ కావాలంటే అంత ఉంటుంది. రద్దీ ఉన్నచోట దానికి చూపించదగిన కారణాలున్నాయి.

మొదటిది లిపి. మెనూ మాటలు చైనీస్‌లో రెండు నుంచి నాలుగు అక్షరాలు. నాలుగక్షరాల మాట 16 పిక్సెల్‌ల సైజులో 64 పిక్సెల్‌లు. ఎనిమిది మాటలకు 512, మధ్య ఎడాలకు 280, మొత్తం 792. 1,200 పిక్సెల్‌ల పేజీలో హాయిగా పడతాయి. దాచాల్సిన అవసరమే లేదు. పైగా చదువరి ఒక్క చూపులో నాలుగక్షరాలను మాటగా పట్టేస్తాడు.

రెండోది టైపింగు. చైనీస్ టైపు చేయాలంటే పిన్‌యిన్‌లో, అంటే ఇంగ్లిష్ అక్షరాల్లో, ఉచ్చారణ కొట్టి, వచ్చిన వరసలోంచి సరైన అక్షరం ఎంచుకోవాలి. ఇంటర్నెట్ కేఫ్‌ల కాలంలో కొత్తవాళ్లకు అది కష్టం, లింకు నొక్కడం తేలిక. 1999లో ఒక కేఫ్ ఉద్యోగి లింకుల పట్టికగా మొదలుపెట్టిన హావ్123ను 2004లో బైదూ కొనేసింది. ఆ కాలంలోనే పెరిగిన సీనా, సోహూ, నెట్‌ఈజ్ పోర్టళ్లు వార్తలన్నీ ఒకే పేజీలో వరసలుగా పేర్చాయి. నెట్ నెమ్మదిగా ఉన్న రోజుల్లో ఒక్కసారి తెరిస్తే అంతా అందుబాటులో ఉండటం చదువరికి మేలే. ఆ అలవాటు మీద ఆన్‌లైన్ అంగడి తావ్‌బావ్, టోకు సరుకుల సైటు 1688 పెరిగాయి. మన కొనుగోలుదారులు రోజూ సరుకు చూసేది 1688 లాంటి చోట్లే.

మూడోది నమ్మకం. మన పేజీకి అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. ముక్కూమొహం తెలియని విదేశీ సంస్థకు కంటైనర్ డబ్బు పంపబోయేవాడు అందమైన నినాదం చూడడు. ఫ్యాక్టరీ ఏది, కాగితాలు ఏవి, ఎవరితో మాట్లాడాలి అని చూస్తాడు. అడుగున ఐసీపీ నంబరు లేని మనకు ఇది రెట్టింపు అవసరం.

హోం పేజీని మళ్లీ కట్టిన వరస:

1. పైన ఎనిమిది మాటల మెనూ, పక్కనే చింగ్‌దావ్ ఫోను నంబరు.
2. ఫొటో ఎత్తు తెరలో మూడో వంతుకు కుదింపు.
3. దాని కిందే ఆ రోజు ధరల పట్టిక.
4. చైనా కస్టమ్స్ నమోదు నంబరు. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన 248వ ఉత్తర్వుతో విదేశీ ఆహార సంస్థలకు ఇది తప్పనిసరైంది. ఇంగ్లిష్ సైటులో ఇది ‘మా గురించి’ పేజీ అడుగున పడి ఉంది. మొదటి తెర మీదికి తెచ్చాం.
5. స్పైసెస్ బోర్డు సర్టిఫికెట్, ల్యాబ్ రిపోర్టు, నొక్కితే పెద్దవి అవుతాయి.
6. కోల్డ్ స్టోరేజీ, గ్రేడింగు, కంటైనర్ లోడింగు ఫొటోలు. కొన్న ఫొటోలు ఒక్కటీ లేవు.

సరుకు లింకులు కంప్యూటరులో కొత్త ట్యాబులో తెరుచుకునేలా పెట్టాం. ఇక్కడ అది చిరాకు. అక్కడ నాలుగైదు సరుకులు పక్కపక్కన తెరిచి పోల్చుకోవడం అలవాటు. వీచాట్‌లో ట్యాబులు లేవు కాబట్టి ఫోన్‌కు ఆ నియమం వర్తించదు.

‘ఇంత ఇరుగ్గా పెడితే మన స్థాయి తగ్గినట్టు ఉండదా?’ అని ఎక్స్‌పోర్టర్ గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ‘మీ ఇంగ్లిష్ సైటు అలాగే ఉంటుందండీ, ఇది జ్యావ్‌జౌలో చదివేవాళ్లది’ అన్నాను. పాత పేజీ, కొత్త పేజీ రెండూ ఏజెంటు ఆఫీసుకు పంపి, వాళ్ల మాట మీద ఖాయం చేశారు.

లెక్క: 2.7 ఎంబీ, 5.9 సెకన్లు. బరువు పెరిగింది, కానీ పెరిగినదంతా చదివేవాడికి పనికొచ్చేదే. ఎడిటర్‌కు రూ. 22,000. మొత్తం ఖర్చు రూ. 38,800.

దశ 5: సరుకు పేజీ

తావ్‌బావ్ తీరులో 750 పిక్సెల్‌ల వెడల్పున పొడుగాటి బొమ్మలు గీసి, వివరమంతా బొమ్మలోనే రాయించాం. చూడ్డానికి అచ్చం అక్కడి పేజీలా వచ్చింది. బరువు 6.2 ఎంబీ. తేమ శాతం మారితే బొమ్మ మళ్లీ గీయాలి. వెతికితే ఆ మాటలు దొరకవు. ఎవరైనా కాపీ చేసి సహోద్యోగికి పంపుదామంటే కుదరదు.

విడగొట్టాం. తేమ, ఆస్టా రంగు విలువ, ఎస్‌హెచ్‌యూ ఘాటు, తొడిమతోనా తొడిమ తీసిందా, బస్తా బరువు: ఇవన్నీ మామూలు రాతలో పట్టికగా. బొమ్మలుగా ఫొటోలే, తక్కువ బరువుండే వెబ్‌పీ రూపంలో. వరస మాత్రం ఆ పొడుగాటి పేజీదే: సరుకు, దగ్గరి ఫొటో, కొలతలు, ప్యాకింగు, లోడింగు, కాగితాలు. పేజీ 1.1 ఎంబీకి దిగింది. అదే కుదింపు హోం పేజీకీ చేస్తే 1.3 ఎంబీ, 3.2 సెకన్లు.

ఫొటోలకు రూ. 9,000. మొత్తం రూ. 47,800.

దశ 6: ఫారం, క్యూఆర్

సరిగ్గా నింపిన విచారణ ఫారం ఒక్కటీ రావడం లేదు. రికార్డింగు చూస్తే కారణం కనబడింది. పేరు గడిలో పిన్‌యిన్ కొడుతున్నప్పుడు, అక్షరం ఎంచుకోకముందే మన స్క్రిప్టు ఆ ఇంగ్లిష్ అక్షరాలు చూసి ఎర్రగా తప్పు చూపిస్తోంది. ఎంపిక ఖాయం చేయడానికి ఎంటర్ నొక్కితే ఫారమే వెళ్లిపోతోంది, సగం పేరుతో. ఇంగ్లిష్ కీబోర్డుతో ఎంత పరీక్షించినా ఇది దొరకదు.

1. కంపోజిషన్ (పిన్‌యిన్ కొట్టడం నుంచి అక్షరం ఎంచుకునేదాకా) మొదలు, ముగింపు ఈవెంట్లు పట్టుకుని, మధ్యలో ఏ తనిఖీ చేయకూడదు.
2. కంపోజిషన్ జరుగుతుండగా వచ్చిన ఎంటర్‌ను వదిలేయాలి.
3. మొదటి పేరు, ఇంటి పేరు అని రెండు గడులు వద్దు. ఒక్కటే గడి.
4. ఫోను ముందు, 1తో మొదలయ్యే 11 అంకెలు. ఈమెయిల్ ఇష్టమైతేనే.
5. చిరునామా ప్రావిన్సుతో మొదలై వీధితో ముగియాలి.

క్యూఆర్ కోడు విషయానికొస్తే, కంప్యూటరులో కుడి అంచున తేలే పట్టీలో పెట్టాం. ఫోన్‌లో ఉన్న క్యూఆర్‌ను అదే ఫోనుతో స్కాన్ చేయలేరు కదా. వీచాట్‌లో బొమ్మను నొక్కి పట్టుకుంటే గుర్తిస్తుంది. మాది గుర్తించలేదు, స్టైల్‌షీట్‌లో వెనక బొమ్మగా పెట్టాం కాబట్టి. మామూలు ఇమేజ్ ట్యాగులో పెట్టగానే పనిచేసింది. చుట్టూ తెల్ల అంచు నాలుగు గడుల వెడల్పు ఉండాలి, జేపెగ్ కుదింపు వద్దు. వీచాట్ బయట తెరిచినవాళ్లకు ఐడీ, పక్కన కాపీ బటన్.

ఆ ఖాతా చింగ్‌దావ్ ఆఫీసుది. గుంటూరు వైపు సమాధానాలు ఈమెయిల్‌లో.

దశ 7: ధరల పట్టిక

పట్టిక కోడు ఇంగ్లిష్ సైటుదే. మూడు చోట్ల పట్టు తప్పింది.

అంకెలు 1,50,000 అని భారతీయ పద్ధతిలో వచ్చాయి. చైనాలో లెక్క పదివేలతో నడుస్తుంది, అదే సంఖ్య అక్కడ 15 పదివేలు. పెద్ద అంకెలన్నీ అలా మార్చాం. తేదీ సంవత్సరంతో మొదలవుతుంది.

కొలత రెండోది. యార్డులో క్వింటాలుకు రూపాయలు. అక్కడ మిర్చి మాట్లాడేది జిన్‌కు యువాన్లలో, జిన్ అంటే 500 గ్రాములు. క్వింటాలుకు 200 జిన్‌లు, టన్నుకు 2,000. యార్డు ధర, టన్నుకు డాలర్లు, జిన్‌కు యువాన్లు అని మూడు వరసలు పెట్టి, మారకపు రేటు ఏ తేదీదో కింద రాశాం.

మూడోది రంగు. మన కోడులో పెరిగితే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. షాంఘై, షెంజెన్ షేర్ మార్కెట్లలో దీనికి తిరగబడి ఉంటుంది: ఎరుపు పెరిగినట్టు, ఆకుపచ్చ తగ్గినట్టు. ఒక కొనుగోలుదారుడు ఆకుపచ్చ బాణం చూసి ధర దిగిందనుకుని ఏజెంటు ఆఫీసుకు ఫోన్ చేశాడు. పైకి చూపిస్తున్న బాణం కంటే రంగునే ముందు నమ్మాడు. చైనీస్ పేజీలో రంగులు తిప్పేశాం, ప్లస్, మైనస్ గుర్తులు కూడా చేర్చాం.

గుర్తులు చేర్చడానికి ఇంకో కారణం ఉంది. దేశవ్యాప్త సంతాప దినాల్లో చైనా సైట్లు పేజీ మొత్తాన్ని బూడిద రంగులోకి మారుస్తాయి. 2008 మేలో వెన్‌చువాన్ భూకంపం తర్వాత, 2020 ఏప్రిల్ 4న అలాగే చేశాయి. మన పేజీకీ ఒక స్విచ్ పెట్టమని ఏజెంటు ఆఫీసు అడిగింది. స్టైల్‌షీట్‌లో గ్రేస్కేల్ ఫిల్టర్ ఒక్క వరస. అది వేసి చూస్తే ఎరుపు, ఆకుపచ్చ బాణాలు ఒకే బూడిదలో కలిసిపోయాయి. ప్లస్, మైనస్ లేకపోతే ఆ రోజు పట్టిక చదవలేరు.

లెక్క: హోం పేజీ 1.3 ఎంబీ, 3.2 సెకన్లు. మొత్తం ఖర్చు రూ. 47,800.

మిగిలిన పని:

1. హువావే ఫోన్‌లో ధరల పట్టిక మూడో వరస ఇంకా పక్కకు జారుతోంది. యువాన్ వరసను ముందుకు తేవాలి.
2. సర్టిఫికెట్ల గడువు తేదీలు చేత్తో మారుస్తున్నాం, డేటాబేస్‌కు కట్టాలి.
3. ఫోన్‌లో వీడియో మొదటి ఫ్రేము నల్లగా వస్తోంది. పోస్టర్ బొమ్మ పెట్టి చింగ్‌దావ్‌కు పరీక్షకు పంపాం, రికార్డింగు రావాలి.